లైనక్స్ మెమరీ అలొకేటర్ ప్యాచ్‌ని రివ్యూ చేయడం ఎలా?

డ్రైవర్‌లో తప్పు దొర్లితే ఆ డ్రైవర్ పడిపోతుంది, లాగ్‌లో చాలాసార్లు దాని పేరే కనిపిస్తుంది. మెమరీ అలొకేటర్‌లో, అంటే కెర్నల్‌లో మెమరీని పంచి తిరిగి తీసుకునే భాగంలో, తప్పు దొర్లితే కూలేది నెట్‌వర్క్ కోడ్ కావచ్చు. లేదా రెండు రోజులు బాగానే నడిచి, ఎక్కడో ఫైల్ సిస్టమ్ ఒక చెడ్డ పాయింటర్‌ని ముట్టుకుని కూలవచ్చు. అసలు దోషి పేరు లాగ్‌లో ఎక్కడా ఉండదు. టెస్టుల్లో దొరకనివి ఇక్కడ చాలా ఉంటాయి కాబట్టి ప్యాచ్‌ని కళ్లతో చదవడమే మొదటి కాపలా.

ఈ వ్యాసం లైనక్స్ కెర్నల్ గురించి. సీ భాష వచ్చి, కెర్నల్ కోడ్‌ని కొంత చదివి, ఇప్పుడు ఇతరుల మార్పుల మీద మాట చెప్పాల్సి వచ్చినవారి కోసం. నా పద్ధతి కొంచెం తిరగేసి ఉంటుంది: మెమరీ ఇచ్చే దారికన్నా తిరిగి తీసుకునే దారిని ముందు చదువుతాను. కారణం నాలుగో అడుగులో చెబుతాను.

1. ప్యాచ్ ఏ అంతస్తులో ఉందో చూడండి

లైనక్స్‌లో కింద పేజీ అలొకేటర్ ఉంటుంది (పేజీ అంటే అది పంచే కనీస మెమరీ ముక్క). ఇది బడ్డీ పద్ధతిలో పేజీలను రెండింతల ముక్కలుగా పంచుతుంది. ఆర్డర్ 0 అంటే ఒక పేజీ, ఆర్డర్ 1 అంటే రెండు, అలా 4 కేబీ పేజీలున్న మామూలు ఎక్స్86 మెషీన్ మీద ఆర్డర్ 10 దాకా, అంటే 4 ఎంబీ దాకా. దాని మీద చిన్న ఆబ్జెక్టులు పంచే స్లబ్ ఉంటుంది. ఒకప్పుడు ఈ పైఅంతస్తులో మూడు అలొకేటర్లు ఉండేవి. కెర్నల్ వెర్షన్ 6.4లో స్లాబ్ తీసేశారు, 6.8లో పాత స్లాబ్ కూడా పోయింది. (ఈ రెండు పేర్లూ తెలుగులో ఒకేలా వినిపిస్తాయి. మొదటిది చిన్న పరికరాల కోసం రాసిన అతిచిన్న అలొకేటర్, రెండోది అందరికన్నా పాతది.) ఇప్పుడు మిగిలింది స్లబ్ ఒక్కటే.

తర్వాత చూడాల్సింది, మార్పు వేగంగా నడిచే దారిలో ఉందా, నెమ్మది దారిలో ఉందా అని. ప్రతి సీపీయూకీ తన దగ్గరే ఉంచుకునే పేజీల జాబితా ఒకటి ఉంటుంది. ఆర్డర్ 0 అడిగితే మామూలుగా అక్కడినుంచే దొరుకుతుంది, జోన్ లాక్ (మెమరీలో ఒక పెద్ద ప్రాంతం మొత్తానికి ఉన్న లాక్) పట్టుకోనక్కర్లేదు. ఆ దారిలో ఒక అదనపు 'ఇఫ్' పెట్టినా దాని లెక్క అడగాలి. నెమ్మది దారిలో, అంటే మెమరీ తక్కువై రీక్లెయిమ్ (పేజీలను ఖాళీ చేయించడం), కంపాక్షన్ (చెల్లాచెదురుగా ఉన్న పేజీలను ఒకచోటికి చేర్చడం) నడిచేచోట, పది లైన్లు పెరిగినా ఎవరికీ పట్టదు. కానీ అక్కడ లాజిక్ తప్పితే మెషీన్ మొత్తం బిగుసుకుపోతుంది.

2. కోడ్‌కి ముందు కమిట్ మెసేజ్

ప్యాచ్ ఏం చేస్తుందో కోడ్ చెబుతుంది. ఎందుకు చేస్తుందో మెసేజ్ చెప్పాలి. ముందు ఏం జరిగేది, యూజర్‌కి ఏం కనిపించేది, ఏ మెషీన్ మీద, ఎంత మెమరీతో? ఇవి లేకపోతే మిగతాది చదవకుండా అడిగేయండి. అందులో మొహమాటం ఏమీ వద్దు.

బగ్‌కి సవరణ అయితే, ఆ బగ్ ఏ పాత కమిట్‌తో వచ్చిందో చెప్పే 'ఫిక్సెస్' లైన్ ఉంటుంది. ఆ పాత కమిట్‌ని తెరిచి చదవండి. దాన్ని రాసినవారు ఒక సమస్య తీర్చడానికే రాశారు. కొత్త ప్యాచ్ ఆ పాత సమస్యని మళ్లీ లేపుతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. గిట్ బ్లేమ్‌తో (ప్రతి లైన్ ఏ కమిట్‌తో వచ్చిందో చూపే ఆదేశం) ఒక్క మెట్టు వెనక్కి వెళ్తే చాలదు, రెండు మూడు మెట్లు దిగండి. పైకి అర్థం లేనట్టు కనిపించే లైన్ల వెనక ఒక్కోసారి చాలా ఏళ్ల చరిత్ర ఉంటుంది.

ఒకే ప్యాచ్‌లో కోడ్‌ని ఒకచోటునుంచి ఇంకోచోటికి జరిపి, దాని ప్రవర్తన కూడా మారిస్తే, విడగొట్టమని చెప్పండి. జరిగిన లైన్లకు వేరే రంగు వేసి చూపించే ఆప్షన్ గిట్‌లో ఉంది. అది వాడితే జరిపిన నలభై లైన్ల మధ్య మారిన ఒక్క గుర్తు బయటపడుతుంది.

3. ఈ కోడ్ ఎక్కడినుంచి నడుస్తుంది?

డిఫ్ మూడు లైన్ల ముందూ వెనకా చూపిస్తుంది. అలొకేటర్ విషయంలో అది దాదాపు పనికిరాదు. ప్యాచ్‌ని మీ ట్రీ మీద వేసి, ఫంక్షన్ మొత్తం తెరిచి, దాన్ని పిలిచేవాళ్లందరి జాబితా తీయండి. ప్రతి ఒక్కరి దగ్గరా అడగాల్సింది ఒకటే: ఇక్కడ నిద్రపోవచ్చా, అంటే పని ఆపి ఎదురుచూడవచ్చా?

జీఎఫ్‌పీ_కెర్నల్ అనే జెండా (మెమరీని ఎలా తేవచ్చో చెప్పే గుర్తు) ఇచ్చి అడిగితే అలొకేటర్ ఆగవచ్చు, డిస్క్‌కి రాయించవచ్చు, వేరే పేజీలు ఖాళీ చేయించవచ్చు. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ కాచుకునే లాక్) పట్టుకునో, ఇంటరప్ట్‌లోనో అది కుదరదు. అక్కడ జీఎఫ్‌పీ_ఆటమిక్ లేదా జీఎఫ్‌పీ_నోవెయిట్ వాడాలి. వీటిలో ఆటమిక్ అత్యవసర నిల్వలోకి కూడా చేయి పెడుతుంది. 'లాక్‌లో వార్నింగ్ వచ్చింది, ఆటమిక్ చేసేశాను' అన్న ప్యాచ్ వస్తే వెంటనే ఒప్పుకోకండి. నెట్‌వర్క్ కార్డుకి ప్యాకెట్ పెట్టుకునే చోటు కోసం ఉంచిన నిల్వ అది. అవసరం లేనివాళ్లు అందులో తింటే, రద్దీ సమయంలో అసలు అవసరమున్నవాళ్లకి దొరకదు. లాక్‌కి ముందే మెమరీ తెచ్చుకోవచ్చేమో అడగండి. చాలాసార్లు తెచ్చుకోవచ్చు.

ఫైల్ సిస్టమ్ కోడ్‌లో ఇంకో చిక్కు. లాక్ పట్టుకుని మెమరీ అడిగితే, అలొకేటర్ ఖాళీ చేయించడానికి అదే ఫైల్ సిస్టమ్‌లోకి తిరిగొచ్చి అదే లాక్ దగ్గర నిలబడిపోవచ్చు. జీఎఫ్‌పీ_నోఎఫ్ఎస్ అందుకే పుట్టింది. ఇప్పుడు ప్రతి పిలుపులో ఆ జెండా పెట్టే బదులు, 'ఇక్కడినుంచి ఇక్కడిదాకా ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లొద్దు' అని టాస్క్ మీదే గుర్తు పెట్టే పద్ధతి ఉంది. ఆ గుర్తు పెట్టిన ప్రతిచోటా తీసేయడం కూడా ఉందా, మధ్యలో ఎర్రర్‌తో బయటికి దూకే దారిలో మర్చిపోయారా అని చూడండి.

రీక్లెయిమ్ కోడ్‌లోనే కొత్తగా మెమరీ అడిగే ప్యాచ్ మరీ ప్రమాదం. ఖాళీ చేయడానికి వెళ్లినవాడే మళ్లీ అడుగుతున్నాడు. అలా అంతులేకుండా తిరగకుండా ఆ టాస్క్ మీద ఒక గుర్తు ఉంటుంది, కానీ ఆ గుర్తు ఉన్నవారికి వాటర్‌మార్కులు (నిల్వని కాపాడే కనీస మట్టాలు) వర్తించవు. నిల్వ పూర్తిగా ఊడ్చుకుపోయే అవకాశం ఉంది. నేనైతే ఇలాంటి ప్యాచ్‌కి గట్టి కారణం చూపిస్తే తప్ప ఒప్పుకోను.

2024లో, 6.12తో రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (అత్యవసర పనికి వెంటనే సీపీయూ ఇచ్చే పద్ధతి) మెయిన్‌లైన్‌లోకి వచ్చింది. ఆ కాన్ఫిగరేషన్‌లో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోగలదు. జోన్ లాక్ అలాంటిదే. అంటే రా స్పిన్‌లాక్ (అక్కడ కూడా నిద్రపోని రకం) పట్టుకుని, ఆటమిక్ జెండాతోనైనా సరే, మామూలు అలొకేషన్ అడగకూడదు. మీ మెషీన్‌లో రియల్‌టైమ్ లేకపోయినా ఇది చూడాల్సిందే.

4. ఫ్రీ చేసే దారి

ఎక్కువ సమయం ఇక్కడ గడపండి. మెమరీ ఇచ్చేటప్పుడు ఆ పేజీ ఎవరి చేతిలోనూ లేదని అలొకేటర్‌కి తెలుసు. తిరిగి తీసుకునేటప్పుడు ఆ నమ్మకం ఉండదు. ఎవరో దాన్ని ఇంకా చూస్తూ ఉండవచ్చు.

నిజంగా జరిగిన ఒక సంగతి చూడండి. పేజీ కాష్‌లో వెతికేవాళ్లు లాక్ లేకుండానే పేజీ రెఫరెన్స్ లెక్కని (ఆ పేజీని ఎంతమంది పట్టుకున్నారనే లెక్క) ఒకటి పెంచి, తర్వాత 'ఇది నాకు కావలసిన పేజీయేనా' అని చూసుకుంటారు. కాకపోతే తగ్గించి వెళ్లిపోతారు. ఈలోగా ఆ పేజీ ఇంకెవరికో ఆర్డర్ 2 ముక్కలో, అంటే నాలుగు పేజీల్లో మొదటిదిగా వెళ్లి ఉండవచ్చు. కాంపౌండ్ జెండా (ముక్కలోని పేజీలన్నిటినీ ఒకటిగా కట్టే గుర్తు) లేకుండా ఇచ్చిన ముక్కలో మొదటి పేజీకే లెక్క ఉంటుంది, మిగతా మూడూ సున్నా.

యజమాని నాలుగు పేజీల్నీ ఫ్రీ చేశాడు. లెక్క రెండు నుంచి ఒకటికి వచ్చింది, సున్నా కాలేదు కాబట్టి అలొకేటర్ ఏమీ చేయలేదు. తర్వాత వెతికేవాడు తన రెఫరెన్స్ వదిలేశాడు. లెక్క సున్నా అయింది. కానీ అతనికి తెలిసింది ఒక్క పేజీ గురించే, దాన్నే ఫ్రీ చేశాడు. మిగతా మూడు పేజీలు ఎవరికీ చెందకుండా పోయాయి.

2020లో, 5.10కి దీన్ని సరిచేశారు. ఫ్రీ చేసేటప్పుడు లెక్క సున్నా కాకపోతే, ముక్క కాంపౌండ్ కాకపోతే, మొదటి పేజీని వదిలి మిగతావాటిని అక్కడే ఫ్రీ చేసేయాలి. ఆర్డర్ 2కి చూస్తే, చివరి రెండు పేజీలు ఆర్డర్ 1గా, రెండో పేజీ ఆర్డర్ 0గా వెళ్తాయి. మొదటిది వెతికేవాడికి వదిలేస్తారు. అందమైన సవరణ. చదివినవాళ్లెవరైనా తల ఊపుతారు.

అందులోనే ఇంకో రేస్ (ఇద్దరు చేసే పనుల వరస మారితే బయటపడే తప్పు) ఉంది. 'ఇది కాంపౌండా' అని అడిగింది రెఫరెన్స్ వదిలేశాక. వదిలేసిన క్షణానికీ అడిగిన క్షణానికీ మధ్య వెతికేవాడు తన చివరి రెఫరెన్స్ వదిలేస్తే, కాంపౌండ్ ముక్క మొత్తం ఫ్రీ అయిపోతుంది, దాని జెండా తుడిచేస్తారు. అప్పుడు మన కోడ్ 'కాంపౌండ్ కాదు' అనుకుని, ఇప్పటికే ఫ్రీ అయిన పేజీల్ని మళ్లీ ఫ్రీ చేస్తుంది. తాళాలు ఇంటి ఓనర్ చేతిలో పెట్టేశాక లోపల ఏం సామాను ఉందో చూసొస్తానంటే కుదరదు. ఇప్పటి కోడ్‌లో రెఫరెన్స్ తగ్గించే లైన్‌కి ముందే జెండా చదివి ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటారు. అలా ముందే ఎందుకు చదవాలో ఒక్క లైన్ కామెంట్ కూడా ఉంది.

కాబట్టి ఫ్రీ దారిలో మీ వేలు రెఫరెన్స్ తగ్గే లైన్ మీద పెట్టండి. దాని కింద ఆ పేజీని, ఆ ఆబ్జెక్ట్‌ని ముట్టుకునే ప్రతి లైన్‌నీ గుర్తించండి. ట్రేస్ పాయింట్, గణాంకాల లెక్క, డీబగ్ ప్రింట్, ఏదైనా సరే. దానికి ఇంకేదో ఆధారం ఉంటే తప్ప అది బగ్.

బడ్డీలను కలిపే చోట ఇంకో సంగతి. పేజీ నంబర్‌ని ముక్క సైజుతో ఎక్స్ఆర్ చేస్తే జంట దొరుకుతుంది: 8వ పేజీ, ఆర్డర్ 2 అయితే జంట 12. ఆ జంట అదే జోన్‌లో ఉందా, నిజంగా ఖాళీయేనా, అదే ఆర్డరా అని చూశాకే కలపాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి 'ఎలాగూ నిజమే' అని తీసేసి వేగం పెంచే ప్యాచ్ వస్తే, ఏ ఆర్కిటెక్చర్ మీద అది ఎలాగూ నిజమో అడగండి.

5. లాక్‌లు, లాక్ లేని చోట్లు

లాక్ ఉన్నచోట పని సులువు. ఏ డేటాని ఏ లాక్ కాపాడుతుందో రాసుకుని, ప్యాచ్ ముట్టుకున్న ప్రతి ఫీల్డ్‌నీ దానితో పోల్చండి. లాక్ తీసేసిన ప్యాచ్ అయితే, ఆ లాక్ ఇదివరకు అనుకోకుండా ఇంకేం కాపాడుతోందో వెతకండి.

కష్టం లాక్ లేని చోట. 2020లో స్లబ్‌లో బయటపడిన ఒక బగ్ దీనికి మంచి పాఠం. స్లబ్ వేగదారిలో ప్రతి సీపీయూకీ ఖాళీ ఆబ్జెక్టుల జాబితా, దాని పక్కనే ఒక ట్రాన్సాక్షన్ నంబర్ ఉండేవి. జాబితా తల, నంబర్ రెండూ నేను చదివినప్పటిలాగే ఉంటేనే మార్పు జరుగుతుంది. జాబితా మారిన ప్రతిసారీ నంబర్ పెరగాలి, అదీ ఒప్పందం. ఒకేసారి చాలా ఆబ్జెక్టులు తీసుకునే బల్క్ ఫంక్షన్ ఇంటరప్టులు ఆపుకుని పనిచేసేది, అందుకని ఒక్కోదానికీ నంబర్ పెంచేది కాదు. బాగానే ఉంది. కానీ మధ్యలో జాబితా అయిపోతే నెమ్మది దారిని పిలిచేది, ఆ దారి కొత్త పేజీ తేవడానికి ఇంటరప్టులు మళ్లీ తెరవగలదు. అంటే జాబితా మారింది, నంబర్ మారలేదు, తలుపు మాత్రం తెరుచుకుంది. సవరణ ఏమిటంటే, నెమ్మది దారిలోకి వెళ్లేముందు నంబర్ పెంచడం.

ఇందులో తప్పు ఏ ఒక్క ఫంక్షన్‌లోనూ లేదు. 'ఇంటరప్టులు ఆగి ఉన్నాయి' అని పైఫంక్షన్ నమ్మింది, కిందిఫంక్షన్ తన అవసరానికి తెరిచింది. అందుకే ప్యాచ్‌లో 'ఇక్కడ ఇంటరప్టులు ఆగి ఉంటాయి', 'ఇక్కడ సీపీయూ మారదు' లాంటి మాట కనిపిస్తే, లోపల పిలిచే ప్రతి ఫంక్షన్ చివరిదాకా వెళ్లి చూడాలి. స్లబ్ లోపలి భాగాలు వేగంగా మారుతున్నాయి. 6.18లో సీపీయూకో ఆబ్జెక్టుల కట్ట ఉంచే షీవ్స్ పద్ధతి వచ్చింది. పాత ఎల్‌టీఎస్ (చాలాకాలం సవరణలు అందే) కెర్నల్ మీద నేర్చుకున్న లాకింగ్‌ని కొత్తదానికి అలాగే అంటగట్టకండి.

6. లెక్కలు

ఇది త్వరగా అయిపోయే అడుగే, కానీ బగ్గులు దొరుకుతాయి. పేజీల సంఖ్యని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టి 12 బిట్లు ఎడమకి జరిపితే సరిగ్గా 4 జీబీ దగ్గర సున్నా అవుతుంది. 4096 అని నేరుగా రాసిన ప్రతిచోటా ఆగండి. ఆర్మ్64, పవర్ మెషీన్లు 64 కేబీ పేజీలతో కూడా నడుస్తాయి. ఆర్మ్64లో 64 కేబీ పేజీతో గరిష్ఠ ఆర్డర్ 13, అంటే ఒక ముక్క 512 ఎంబీ. సంఖ్యని సైజుతో గుణించి కేమల్లాక్‌కి ఇస్తే, పొంగిపోకుండా చూసే రెడీమేడ్ సహాయక ఫంక్షన్లు వాడమనండి.

హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీల్లో పనిచేసేవారి ముందుకు కొత్త కోడ్‌కన్నా బ్యాక్‌పోర్టులే (కొత్త కెర్నల్‌లోని మార్పుని పాతదానికి తేవడం) ఎక్కువ వస్తాయి. వారు తప్పక తెలుసుకోవాల్సింది మ్యాక్స్_ఆర్డర్ కథ. 6.3 దాకా దాని విలువ 11, కానీ అసలు గరిష్ఠ ఆర్డర్ 10. అంటే 'దానికన్నా తక్కువ' అని రాయాలి. దీనివల్ల ఎంతమంది ఒకటి అటూ ఇటూ పొరబడ్డారో, 6.4లో విలువని 10కి మార్చి, 'దానికి సమానం లేదా తక్కువ' అని రాసేలా చేశారు. 6.8లో పేరే మ్యాక్స్_పేజ్_ఆర్డర్ అయింది. ఇప్పుడు 6.6 నుంచి 6.1కి ఒక ప్యాచ్ తెస్తే ఏమవుతుంది? పేరు రెండింటిలోనూ ఉంది, కంపైలర్ నోరెత్తదు, లూప్ మాత్రం ఖాళీ జాబితాల అరే చివర దాటి ఒక అడుగు బయటికి వెళ్తుంది. పేరు మార్చాక వచ్చిన ప్యాచ్‌లు నయం, కనీసం కంపైల్ కాకుండా ఆగుతాయి.

7. దొరకనప్పుడు ఏం జరుగుతుంది?

ఆర్డర్ 3 దాకా జీఎఫ్‌పీ_కెర్నల్‌తో అడిగితే ఆచరణలో దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. అలొకేటర్ అంత పట్టుదలగా ప్రయత్నిస్తుంది. దాంతో ఎర్రర్ దారులు ఎవరూ నడవని దారులుగా మిగిలిపోతాయి. కళ్లతో చదివాక, వైఫల్యాన్ని బలవంతంగా పుట్టించే ఫాల్ట్ ఇంజెక్షన్ సదుపాయంతో నడిపి చూడమనండి. ఒక హెచ్చరిక: పేజీ అలొకేషన్ల విషయంలో దాని మొదటి సెట్టింగులు ఆర్డర్ 0ని వదిలేస్తాయి, నిద్రపోగల అలొకేషన్లనీ వదిలేస్తాయి. అవి మార్చకుండా 'ఫాల్ట్ ఇంజెక్షన్‌తో టెస్ట్ చేశాను' అంటే చాలావరకు ఏమీ చేయనట్టే.

8. నడిపి చూడటం

మీరే నడపాలన్న నియమం లేదు, కానీ నడిపితే మీ మాటకి బరువు పెరుగుతుంది. లాకింగ్ తనిఖీ, ఆటమిక్ సందర్భంలో నిద్ర తనిఖీ, డీబగ్_వీఎం (మెమరీ కోడ్‌లోని అదనపు తనిఖీలు), కేసాన్ (తప్పు మెమరీ వాడకాన్ని పట్టే సాధనం), ఇవన్నీ ఆన్ చేసిన కెర్నల్ ఒకటి కట్టండి. డీబగ్ ఏదీ లేని కెర్నల్ ఇంకొకటి. రెండోది ఎందుకంటే, కేసాన్ ఫ్రీ అయిన ఆబ్జెక్టుల్ని వెంటనే తిరిగి ఇవ్వకుండా కొంతసేపు పక్కన పెడుతుంది, దాంతో టైమింగ్ మారి కొన్ని రేసులు దాక్కుంటాయి.

వర్చువల్ మెషీన్‌కి మెమరీ బాగా తక్కువ ఇవ్వండి. 32 జీబీ ఉన్నచోట రీక్లెయిమ్ దారి తెరుచుకోదు. రెండు న్యూమా నోడ్లు (మెమరీ దూరాన్నిబట్టి విడగొట్టిన సీపీయూల గుంపులు) పెట్టండి, వాటిలో ఒకదానికి అసలు మెమరీ లేకుండా కూడా ఒకసారి నడపండి. అలాంటి మెషీన్లు నిజంగా ఉన్నాయి, డెవలపర్ల ల్యాప్‌టాప్‌లు అలా ఉండవు. క్రాష్‌లో హెక్స్ 6బి వరసగా కనిపిస్తే, అది స్లబ్ డీబగ్ ఫ్రీ అయిన ఆబ్జెక్ట్‌లో నింపే విలువ. ఎవరో వదిలేసినదాన్ని ముట్టుకున్నారు.

9. వేగం గురించిన మాటలు

'పనితీరు మెరుగవుతుంది' అంటే అంకెలు అడగండి. ఎన్ని సీపీయూలు, ఏ లోడ్, ఎన్నిసార్లు నడిపారు, ఒకసారికీ ఇంకోసారికీ తేడా ఎంత? రెండు శాతం మెరుగుదల చూపించి, పరుగుల మధ్య తేడా మూడు శాతం ఉంటే ఆ అంకెకి అర్థం లేదు. మెమరీ నిండిన స్థితిలో కొలిచారా అనేది ఇంకా ముఖ్యం.

స్ట్రక్ట్ పేజ్‌కి ఫీల్డ్ కలిపే ప్యాచ్‌కి వేరే లెక్క. సాధారణంగా అది 64 బైట్లు, ప్రతి పేజీకీ ఒకటి. 16 జీబీ మెషీన్ మీద ఆ వివరాలకే 256 ఎంబీ పోతుంది. ఇంకో 8 బైట్లు కలిపితే మరో 32 ఎంబీ, పైగా ఒక కాష్ లైన్‌లో సరిపోయేది రెండిటిలోకి ఒలుకుతుంది. వద్దని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

10. మీ మాట రాయడం

స్పెల్లింగ్ తప్పులతో మొదలయ్యే రివ్యూలంటే నాకు చిరాకు. పెద్ద ప్రశ్న ముందు, చిన్నవి చివర. డిజైనే మారాలంటే వేరియబుల్ పేర్ల గురించి మాట్లాడి ఇద్దరి సమయం వృథా చేయకండి.

'ఇక్కడ రేస్ ఉందేమో' అని రాస్తే రాసినవారికి ఏమీ దొరకదు. రెండు నిలువు వరసలు గీయండి: ఎడమన మొదటి సీపీయూ, కుడిన రెండోది, ఏ లైన్ తర్వాత ఏ లైన్ నడిస్తే చెడిపోతుందో కిందికి రాసుకుంటూ రండి. రాస్తుండగానే సగం అనుమానాలు తప్పని మీకే తేలిపోతుంది. మిగిలిన సగానికి జవాబు చెప్పకుండా ఎవరూ తప్పించుకోలేరు. మీ కథనం సరైనదైతే దాన్ని కమిట్ మెసేజ్‌లోనో కామెంట్‌లోనో పెట్టమనండి.

'రివ్యూడ్-బై' అని పేరు పెడితే, ఈ మార్పు సరైనదని మీరు పూర్తిగా చదివి నమ్మినట్టు. ఒక భాగమే చూసి ఉంటే ఆ మాట స్పష్టంగా రాయండి: 'ఫ్రీ దారి, లాకింగ్ చూశాను. మెమరీ హాట్‌ప్లగ్‌తో ఎలా ఉంటుందో చూడలేదు.' మెయింటైనర్‌కి ఇది పేరుకన్నా ఎక్కువ ఉపయోగం, మిగిలిన భాగానికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

తర్వాతి వెర్షన్ వచ్చాక మొత్తం మళ్లీ మొదటినుంచి చదవక్కర్లేదు. గిట్ రేంజ్-డిఫ్‌తో రెండు వెర్షన్ల మధ్య తేడా చూడండి. కవర్ లెటర్‌లో చెప్పని మార్పు ఏదైనా కనిపిస్తే అక్కడ ఆగండి. మీరు పేరు పెట్టాక లాకింగ్ గానీ ఫ్రీ దారి గానీ మారితే, పాత ట్యాగ్‌ని తీసేయమని చెప్పి మూడో అడుగునుంచి మళ్లీ చదవండి.